ముఖం చూడటం కూడా ఒక చదువే

మీ ఇంట్లో మీ అమ్మ ఫొటో ఉందా? పెళ్లి గ్రూపులో మూడో వరుసలో, ఎవరి భుజం వెనకనుంచో సగం కనిపించే ఫొటో గురించి కాదు నేనడుగుతున్నది. ఆధార్ కార్డు మీద బెదిరిపోయి చూస్తున్నదీ లెక్కలోకి రాదు. అమ్మ తీరిగ్గా కూర్చుని, అమ్మ అమ్మలాగే ఉండి, మన వంక చూస్తున్న ఫొటో ఒక్కటైనా ఉందా? కాసేపు ఆలోచించి చూడండి. క్రిందటి వేసవి దాకా నేనూ ఆలోచించలేదు. ఆలోచింపజేసింది మా అక్క కూతురు. అసలు నేను దానికి బుద్ధి చెప్పడానికని వెళ్లాను. చెప్పించుకుని వచ్చాను.

జరిగిందేమిటంటే, మే నెలలో ఓ మధ్యాహ్నం ఆవకాయ జాడీకి వాసెన కట్టి చేతులు కడుక్కుంటుంటే తెనాలి నుంచి అక్క ఫోను. "ఏమే, దీనికి మతి పోయిందే. బీకాం అయింది కదా, ఎంబీయేలో చేర్పిద్దామని మీ బావ డబ్బు కూడా సిద్ధం చేశారు. ఇదేమో ఫొటో స్టూడియోలో చేరతానంటోంది. మనుషుల ముఖాలు ఫొటోలు తీయడం నేర్చుకుంటుందట. రెండేళ్లు పడుతుందట. మొదట్లో జీతం కూడా ఉండదట. పెళ్లిళ్లలో కెమెరా మెడకేసుకు తిరిగే పిల్లని ఎవరు చేసుకుంటారే? నువ్వు కథలూ అవీ రాస్తావు, నీ మాటంటే దానికి గురి. ఒక్కసారి వచ్చి చెప్పిపోవే" అంది.

దాచుకోవడమెందుకు, ఆ క్షణాన నాకూ అక్క మాటే సబబుగా తోచింది. ఆడవాళ్ల ఇష్టాల గురించి నాలుగు కథలు రాసినదాన్నే. అయినా సొంతింటి పిల్ల దగ్గరికొచ్చేసరికి "ముందు ఆ ఎంబీయే ఏదో కానిచ్చెయ్, తర్వాత చూసుకోవచ్చు" అనే మాటని విజయవాడ నుంచి బస్సులో దారి పొడుగునా నెమరు వేసుకుంటూ వెళ్లాను.

పిల్ల వాదించలేదు. కాఫీలయ్యాక నన్ను హాల్లోకి తీసుకెళ్లి, గోడమీద దండతో ఉన్న మా అమ్మమ్మ ఫొటో ముందు నిలబెట్టింది. "పిన్నీ, మీ అమ్మమ్మ ఇలాగే ఉండేదా?" అని అడిగింది.

1996లో అమ్మమ్మ పోయేటప్పటికి నాకు పదేళ్లు. పన్నెండో రోజుకి ఫొటో కావాలని ఇల్లంతా వెతికారు. ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆఖరికి మేనమామ పెళ్లి గ్రూపులోంచి ఆవిడ ముఖం కత్తిరించి, పెద్దది చేయించి, అలుక్కుపోయిన చోటల్లా బ్రష్షుతో దిద్దించారు. భుజంమీద పక్కావిడ చెయ్యి పడి ఉంటే దానికి నల్లరంగు పూసేశారు. అమ్మమ్మది చామనఛాయ కంటే ఓ పిసరు నలుపు. ఫొటోలో గోధుమరంగు. ఎడమ కంటి కింద ఉండే పులిపిరి లేదు. నవ్వితే ఓ పక్కకి ఒరిగే పెదవి తిన్నగా ఉంది. దాదాపు ముప్పై ఏళ్లుగా మేము పండగ పండక్కీ దణ్ణం పెట్టుకుంటున్నది ఆ స్టూడియో అతని ఊహకన్నమాట.

"ఇలా ఉండేది కాదే" అన్నాను.

"నేను నేర్చుకుంటానన్నది ఆ పనే పిన్నీ. మనిషి ఉన్నప్పుడే, ఉన్నది ఉన్నట్టుగా తీయడం" అంది.

నేను బస్సులో నెమరేసుకుంటూ వచ్చిన మాటని అక్కడికక్కడే మింగేశాను. "సరే, ఆ నేర్పే చోటేదో చూద్దాం పద" అన్నాను. అక్క నా వంక చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

మొదట వెళ్లింది కాస్త పేరున్న స్టూడియోకే. యజమాని మర్యాదగా కూర్చోబెట్టాడు. సంగతి చెప్పగానే "ఆడపిల్లల్ని పెట్టుకోమమ్మా. రాత్రిళ్లు పెళ్లిళ్లుంటాయి. కుర్రాళ్లతో పాటు తిరగాలి. అయినా మేం కష్టపడి తయారుచేస్తే రేపు పెళ్లయి వెళ్లిపోతుంది. అంతా దండగ" అన్నాడు. "మరి మీ దగ్గర నేర్చుకున్న కుర్రాళ్లు ఇక్కడే ఉండిపోయారాండీ?" అని అడిగాను. ఆయన నవ్వేశాడు. "ఎక్కడమ్మా! నలుగురు వెళ్లి సొంత షాపులు పెట్టుకున్నారు. ఒకడైతే ఈ వీధిలోనే పెట్టాడు" అన్నాడు. ఆ చెప్పడంలో కోపం కన్నా గర్వమే ఎక్కువుంది. అబ్బాయి నేర్చుకుని వెళ్లిపోతే శిష్యుడు, అమ్మాయి నేర్చుకుని వెళ్లిపోతే దండగ!

రెండోది భార్యాభర్తలు నడుపుకుంటున్న చిన్న స్టూడియో. బోర్డుమీద ఆయన పేరు. లోపల లైట్లు సర్దుతున్నదీ, ఫొటోకి కూర్చున్న పెళ్లికూతురి కుచ్చిళ్లు దిద్దుతున్నదీ, "గడ్డం కాస్త దించమ్మా" అంటున్నదీ ఆవిడ. ఇరవయ్యేళ్లకి పైగా ఆ పనిలో ఉన్నారట. రీళ్ల రోజుల్లో చీకటి గదిలో ప్రింట్లు వేశారు. కంప్యూటర్లొచ్చాక ఆల్బమ్ పని నేర్చుకున్నారు. ఆడవాళ్ల ఫొటోలన్నీ ఆవిడే తీస్తారు. "మరి బోర్డుమీద మీ పేరు లేదేమండీ?" అంటే "రాయించిన రోజున నాకు తోచలేదండీ. ఆయనకీ తోచలేదు" అన్నారు, కెమెరాలోంచి తల ఎత్తకుండానే.

ఈ బోర్డు కథ మన ఊళ్లకే పరిమితం కాదు. మన దేశంలో మొదటి మహిళా పత్రికా ఫొటోగ్రాఫర్‌గా పేరు పొందిన హొమాయ్ వ్యారావాలా 1913లో గుజరాత్‌లోని నవ్సారిలో పుట్టారు. ఆవిడకి కెమెరా నేర్పిన మానెక్‌షా తర్వాత ఆవిడ భర్త అయ్యారు. ఆవిడ తొలినాళ్లలో తీసిన ఫొటోలు ఆయన పేరు మీదే అచ్చయ్యాయి. స్వతంత్రం వచ్చిన రోజుల ఢిల్లీని తన కెమెరాలో పట్టిన ఆవిడకి పద్మవిభూషణ్ వచ్చింది 2011లో. ఆ మరుసటి ఏడాది జనవరిలోనే కన్నుమూశారు.

ఆడవాళ్లు ఈ వృత్తిలోకి రావడం ఏదో నిన్నగాక మొన్నటి వింత అనుకుంటాం కానీ, మన హైదరాబాదులోనే 1892లో ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో వెలిసింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ దాన్ని పెట్టారు. పరదా చాటు స్త్రీలు మగవాడి ముందు కూర్చోరు కాబట్టి, ఎత్తయిన గోడల మధ్య ఆ స్టూడియోని నడిపింది కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు ఆవిడ. సహాయకులు కూడా ఆడవాళ్లే. కలకత్తాలో అన్నపూర్ణా దత్తా అనే బెంగాలీ ఇల్లాలు క్రిందటి శతాబ్దం తొలి దశాబ్దాల్లోనే ఇళ్లకి వెళ్లి ఆడవాళ్ల ఫొటోలు తీసి సంసారం నెట్టుకొచ్చింది. అంటే, పరదా ఉన్న రోజుల్లోనే ఆడ ఫొటోగ్రాఫరు అవసరమైంది. పరదాలు పోయాక మాత్రం మనమే ఆ పని మగవాళ్లదని తీర్మానించేసుకున్నాం.

"మాకు వయసు దాటిపోయిందండీ" అనే వదినలకి ఇంకో మాట. జూలియా మార్గరెట్ కామెరాన్ అనే ఆవిడ 1815లో కలకత్తాలో పుట్టింది. తర్వాత ఇంగ్లండులో కాపురం. ఆరుగురు పిల్లల తల్లి. 1863లో, 48 ఏళ్ల వయసులో, కూతురూ అల్లుడూ ఒక కెమెరా బహుమతిగా ఇచ్చారు. ఆవిడ కోళ్ల గూడుని స్టూడియో చేసింది. బొగ్గుల కొట్టుని చీకటి గది చేసింది. ఇంట్లో పనిచేసే అమ్మాయిల నుంచి ఆ కాలపు మహాకవుల దాకా అందర్నీ కూర్చోబెట్టి తీసింది. ఈనాటికీ ముఖచిత్రాల కళ గురించి ఎవరు చెప్పినా ఆవిడ పేరు తలవకుండా ముందుకి పోరు.

ఇక అసలు ప్రశ్న. "ప్రతి చేతిలో ఫోనుంది, వేలితో నొక్కితే ఫొటో వస్తుంది. దీనికి రెండేళ్ల శిక్షణ ఏమిటి?" అని అక్క అడిగింది. నేనూ అడిగాను. జవాబు మా అమ్మే చెప్పింది, తనకి తెలియకుండానే.

మా అమ్మకిప్పుడు 68. అక్క దగ్గరే ఉంటుంది. స్టూడియోలో చేరకముందు పిల్ల ఓ రోజు ఫోను దగ్గరగా పెట్టి అమ్మని ఫొటో తీసి, అదేదో యాప్‌లో నున్నగా దిద్ది చూపించింది. అమ్మ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసి, "ఎవరే ఈవిడ?" అంది. మేమంతా పడీ పడీ నవ్వాం. పిల్ల ఒక్కతీ నవ్వలేదు. ఆ మాట దానికి ఎక్కడో గుచ్చుకుందని నాకు తర్వాత తెలిసింది.

ఆ స్టూడియో ఆవిడ దీన్ని చేర్చుకున్నారు. మొదటి నెల కెమెరా ముట్టుకోనివ్వలేదట. కిటికీ పక్కన బల్లమీద కోడిగుడ్డు పెట్టి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వెలుగు దానిమీద ఎలా జరుగుతోందో చూడమన్నారట. ఎక్కడ తెలుపు, ఎక్కడ నీడ మొదలు, నీడ అంచు కత్తిలా ఉందా, దూదిలా ఉందా? పలచటి పరదా వేస్తే ఏమైంది? అవతలి పక్క తెల్లటి థర్మోకోల్ షీటు నిలబెడితే నీడ ఎంత తేలికపడింది? "గుడ్డు చూడటం వచ్చాక బుగ్గ చూడటం వస్తుందమ్మా" అన్నారట. పదిహేడో శతాబ్దపు డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ వేసిన ముఖాల్లో, నీడ వైపు చెంపమీద కంటికింద చిన్న ముక్కోణంలా వెలుగు పడుతుంది. స్టూడియోల్లో ఆ అమరికని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. అది మా పిల్ల ఇంట్లో ఒక బల్బూ, వాళ్ల నాన్న బట్టతలా పెట్టుకుని సాధన చేసింది!

దూరం సంగతి రెండో పాఠం. ఫోను ముఖానికి అడుగు దూరంలో పెట్టి తీస్తే కెమెరాకి దగ్గరగా ఉన్న ముక్కు ఉబ్బుతుంది, చెవులు వెనక్కిపోతాయి. ఐదారడుగులు వెనక్కి జరిగి, 85 మిల్లీమీటర్ల లాంటి లెన్సుతో తీస్తే ముఖం మనం రోజూ చూసే ముఖంలా ఉంటుంది. అమ్మ "ఎవరే ఈవిడ" అనడానికి సగం కారణం ఇదే. దీపం దూరానికీ లెక్కుంది. బల్బు నుంచి రెండింతలు దూరం జరిగితే ముఖంమీద వెలుగు సగం అవుతుందనుకుంటాం. కాదు, నాలుగో వంతు అవుతుంది. తొమ్మిదో తరగతిలోనో పదిలోనో బట్టీ కొట్టిన భౌతికశాస్త్రం ఇక్కడ కూడు పెడుతుంది.

మూడోది రంగు. దీని గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. కెమెరాకి తెలుపూ నలుపూ తెలియవు. ఎదుట ఏముంటే దాన్ని సగటున మధ్యస్థమైన బూడిద రంగు అనుకుని లెక్క వేసుకుంటుంది. మన పెళ్లికూతురు తెల్లటి మధుపర్కాల్లో కూర్చుంటే, ఆ తెలుపు చూసి కెమెరా మొత్తం ఫొటోని నల్లబరుస్తుంది. చామనఛాయ ముఖం మరీ మాడిపోతుంది. పని తెలిసినవాళ్లు వెలుగుని ముఖం దగ్గర కొలిచి సరిచేస్తారు. తెలియనివాళ్లు కంప్యూటరులో సున్నం కొట్టినట్టు తెల్లబరుస్తారు. పైగా "అందంగా చేశామండీ" అంటారు. రంగు ఫిల్ముల కాలంలో కొడాక్ కంపెనీ 1950ల నుంచి ప్రింట్ల రంగు సరిచూసుకోవడానికి పంపిన నమూనా కార్డుమీద ఉండేది తెల్లజాతి అమ్మాయి. ఆ కార్డుకి షిర్లీ కార్డని పేరు. ఆ చర్మం బాగా వస్తే ఫిల్ము బాగున్నట్టే లెక్క. మన చర్మాలు ఆ లెక్కలోనే లేవు. కార్డు పోయింది కానీ, ఆ కొలబద్ద మన పెళ్లిచూపుల ఫొటోల్లో ఇంకా పోలేదు. సంబంధాల కోసం పంపే ఫొటోలో పిల్లని రెండు ఛాయలు తెల్లబరిచి, తర్వాత వాళ్లు ఎదురుగా చూసి పెదవి విరిస్తే నష్టపోయేదెవరు? ఆ పిల్లే కదా. ఉన్న రంగులోనే వెలుగు చూపించగలిగిన ఫొటోగ్రాఫరు మన ఊరికొకరుంటే ఎంతమంది ఆడపిల్లలు అద్దం ముందు నిబ్బరంగా నిలబడతారో!

అన్నిటికన్నా కష్టమైన పాఠం ఇంకొకటుంది. అది మాట్లాడటం. కెమెరా ముందు కూర్చోగానే మన ఆడవాళ్లు కొంగు సర్దుకుని, పెదవులు బిగించి, పరీక్ష రాస్తున్నట్టు కూర్చుంటారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఆ స్టూడియో ఆవిడ మొదటి పది నిమిషాలు కెమెరాని కన్నెత్తి చూడరట. "ఏం కూర చేశారండీ పొద్దున?" "మీ మనవడు ఏ క్లాసు?" ఇలాంటి మాటలే. మనవడి పేరు చెప్పేటప్పుడు ముఖంలో ఒక వెలుగు వస్తుంది చూడండి, దానికోసం కాచుకుని ఉంటారట. ఈ విద్య మనకి కొత్తా? పేరంటానికి వచ్చిన కొత్త కోడలి బెరుకు పోగొట్టడం మనకి తెలియదా? మనకి పుట్టుకతో అబ్బిందనుకునే నేర్పు ఇక్కడ వృత్తికి పెట్టుబడి అవుతుంది. సాధన లేకపోతే మాత్రం ఎంత పెట్టుబడైనా మురిగిపోతుంది.

ఈ సాధనకి కాలం పడుతుంది. చర్చిల్ ఫొటోతో 1941లో ప్రపంచమంతా పేరు మోగిన యూసుఫ్ కార్ష్ గురించి చదివాను. కెనడాలో ఫొటోగ్రాఫరుగా ఉన్న మేనమామ ఆయన్ని 1928లో బోస్టన్ నగరంలోని జాన్ గారో అనే గురువు దగ్గరికి పంపాడు. ఆరునెలలకని వెళ్లిన కుర్రాడు మూడేళ్లు ఉండిపోయాడు. ఆ మూడేళ్లు ఆ కుర్రాడు నాలుగు డబ్బులు సంపాదించి పంపాలని ఇంట్లో పట్టుబట్టి ఉంటే మనకి ఆ ఫొటో ఉండేది కాదేమో.

మరి నేర్చుకునే దారులేమిటి? కాలేజీ చదువే కావాలంటే హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీ ప్రధానాంశంగా బీఎఫ్ఏ డిగ్రీ ఉంది. ఇంటర్ తర్వాత ప్రవేశ పరీక్ష రాసి చేరాలి. ఏదో ఒక డిగ్రీ అయ్యాక పైచదువు కోరుకునేవాళ్లకి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వారి గాంధీనగర్ ప్రాంగణంలో ఫొటోగ్రఫీ డిజైన్‌లో ఎం.డెస్. ఉంది. అంత దూరం, అంత ఖర్చు వద్దనుకునే పల్లెటూరి పిల్లలకి, బ్యాంకులు జిల్లాల్లో నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలున్నాయి. వాటి కోర్సుల పట్టికలో ఫొటోగ్రఫీ, వీడియోగ్రఫీ కూడా ఉన్నాయి. సుమారు నెల రోజుల శిక్షణ. భోజనం, వసతితో సహా ఉచితం. మీ జిల్లా కేంద్రంలో ఆ బ్యాచ్ ఎప్పుడు మొదలవుతుందో వెళ్లి అడగండి. నెల రోజుల్లో పనివాళ్లు కాలేరు కానీ, పని తమకి సరిపడుతుందో లేదో తెలిసిపోతుంది. ఆ తర్వాత మంచి స్టూడియోలో కుదురుకుని నేర్చుకోవడమే అసలు బడి.

డబ్బు కట్టేముందు మాత్రం నాలుగు ప్రశ్నలు అడగండి. రెండు రోజుల శిబిరం పెట్టి, మెడలో కార్డు వేసి, చేతిలో సర్టిఫికెట్ పెట్టి పంపేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. నేర్చుకునే పిల్ల తన చేతులతో వారానికి ఎన్ని ముఖాలు తీస్తుంది? తీసిన వాటిని ఎవరు పక్కన కూర్చుని తప్పొప్పులు చెబుతారు? కట్టిన ఫీజుకి రసీదు ఇస్తారా? రాత్రి పనికి వెళ్లాల్సి వస్తే తోడెవరు, ఇంటికెవరు దింపుతారు? ఈ చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి. మా పిల్ల విషయంలో, పెళ్లిళ్లకి ఆ స్టూడియో ఆవిడ వెళ్లినప్పుడే ఇదీ వెళ్లాలని ముందే అనుకున్నాం. ఇంకో మాట, మొదటి రోజే లక్షలు పోసి కెమెరా కొనివ్వకండి. వీణ కొన్నంత మాత్రాన సంగీతం రాదు కదా! చేయి తిరిగాక, సొంతంగా పెట్టుకోవాలనుకుంటే 2015లో మొదలైన ముద్ర పథకంలో శిశు రుణం 50 వేల రూపాయల దాకా పూచీకత్తు లేకుండా ఇస్తారు. అప్పటికి ఏ లెన్సు కావాలో పిల్లకే తెలుస్తుంది.

ఆదాయం గురించి అబద్ధం చెప్పను. పాస్‌పోర్టు సైజు ఫొటోలతో అద్దెలు కట్టుకున్న రోజులు పోతున్నాయి. ఫోన్లే ఆ పని చేసేస్తున్నాయి. కంప్యూటరే కూర్చుని లేని మనుషుల ముఖాలు కూడా తయారుచేస్తోంది. అమెరికా వీసా ఫొటోల వంటి కొలతల పని కొంత ఉంది. రెండంగుళాల చదరం, తెల్లటి వెనకతెర, 2016 నవంబరు నుంచి కళ్లజోడు కూడా ఉండకూడదు. దాంతోనే ఇల్లు గడవదు. పెళ్లిళ్లు ముహూర్తాలున్న నెలల్లోనే. మూఢంలో ఈగలు తోలుకోవడమే. కానీ పుట్టిన పసివాళ్లు, సీమంతాలు, ఓణీల ఫంక్షన్లు, షష్టిపూర్తులు, ఇంట్లో పెద్దవాళ్ల ఫొటోలు, కొత్తగా వ్యాపారం పెట్టుకున్న ఆడవాళ్లకి కావలసిన మంచి ఫొటోలు, వీటన్నిటికీ ఇంటికి వచ్చి, లోపలి గదిలో కూర్చుని, ఓపిగ్గా తీసే అమ్మాయి కావాలి. బాలింత గదిలోకి మగ ఫొటోగ్రాఫరుని ఎవరు రానిస్తారు చెప్పండి?

ఈ పని నేర్చుకునే పిల్లలకి చట్టం కూడా కాస్త నేర్పాలి. స్టూడియో అద్దాల్లో మనని అడక్కుండానే మన పెళ్లికూతుళ్ల ఫొటోలు వేలాడదీయడం ఎన్నాళ్లనుంచో చూస్తున్నాం. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోమీద కాపీహక్కు, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, తీయించుకున్నవారిదే. ఆ మాట తీసేవాళ్లకీ తెలియాలి, కూర్చునేవాళ్లకీ తెలియాలి. మా పిల్ల ఇప్పుడు "మీ ఫొటో ఎవరికైనా చూపించవచ్చా అమ్మా?" అని అడిగి, కాగితం మీద సంతకం పెట్టించుకుంటుంది. ముఖం చూడటం ఎంత చదువో, ఆ ముఖానికి మర్యాద ఇవ్వడమూ అంత చదువే.

ఇంతకీ అక్కయ్య అభ్యంతరం డబ్బు కాదని నాకు మెల్లిగా అర్థమైంది. ఎంబీయేకి లక్షలు పోయడానికి సిద్ధపడ్డవాళ్లే కదా. పిల్లకి రెండేళ్ల కాలం ఇవ్వడానికే చేతులు రాలేదు. అబ్బాయి మెకానిక్ షెడ్డులో రెండేళ్లు ఉత్తినే ఉంటే "పని నేర్చుకుంటున్నాడు" అంటాం. అదే అమ్మాయి అయితే "వయసు దాటిపోతోంది" అంటాం. ఆడపిల్ల చదువంటే ఫీజు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకునేదే అయ్యుండాలి. పెళ్లి శుభలేఖలో పేరు పక్కన వేసుకోవడానికి వీలుండాలి. చేతిపని అలా అచ్చు వేయించుకోవడానికి కుదరదు. కానీ రేపు కష్టం వచ్చిన రోజున ఆ అచ్చు ఆదుకుంటుందా, చేతిలోని పని ఆదుకుంటుందా? ఎంబీయే వద్దని నేను అనను. ఇష్టపడి చదివేవాళ్లకి అది మంచి చదువే. ఇష్టంలేని పిల్లని ఐదేళ్ల ప్రణాళికల్లోకి తోసేముందు, ఇష్టమైన పనికి ఓ ఏడాదైనా ఇచ్చి చూడమంటున్నాను.

అక్క చివరికి రెండేళ్లు ఒప్పుకోలేదు. "ఒక్క ఏడాది చూద్దాం. ఎంబీయే డబ్బు బ్యాంకులో అలాగే ఉంచుతాను" అంది. అదీ న్యాయమే. తల్లి కదా, భయం ఉంటుంది. ఆ ఏడాదిలో ఇప్పటికి ఏడు నెలలు అయ్యాయి. దారి ఖర్చులకి మాత్రం స్టూడియో వాళ్లు ఇస్తున్నారు.

సంక్రాంతికి వెళ్లినప్పుడు పిల్ల వాళ్ల అమ్మమ్మని వంటింటి కిటికీ పక్కన పీటమీద కూర్చోబెట్టింది. ఎదురుగా థర్మోకోల్ షీటు పట్టుకున్నది మా అక్క. చిక్కుళ్లు ఒలుస్తూ అమ్మ పాత కబుర్లు ఏవో చెబుతోంది. పిల్ల వింటోంది. ఎప్పుడు తీసిందో మాకే తెలియలేదు. సాయంత్రం ప్రింటు తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది. అదే నలుపు. అవే ముడతలు. నవ్వితే ఓ పక్కకి ఒరిగే పెదవి. అది మా అమ్మమ్మ పెదవే అని ఆ ఫొటో చూసేదాకా నేను గుర్తించనే లేదు.

అమ్మ ఈసారి ఎవరే అని అడగలేదు. చాలాసేపు చూసి, "దండ వేసే ముందర కొన్నాళ్లు ఉత్తినే ఉంచండి గోడకి" అంది. అక్క లేచి వెళ్లి మేకు కొట్టడానికి సుత్తి వెతకడం మొదలుపెట్టింది.

స్టూడియో ఆవిడ కూడా కొత్త బోర్డు రాయిస్తున్నారట. రెండు పేర్లతో.